రెండు టీలు, ఒక ఖాళీ కుర్చీ

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అతన్ని కలవడానికి వారం ముందు నేను ఒక్కదాన్నే అనకాపల్లి వెళ్లి, మేం కలుసుకోవాలనుకున్న హోటల్లో, గోడవారన ఉన్న బల్ల దగ్గర కూర్చుని రెండు టీలు చెప్పాను. ఎదురుగా ఖాళీ కుర్చీ. అతనితో అనవలసిన మాటొకటుంది. దాన్ని ఆ కుర్చీతో అని చూద్దామనుకున్నాను. పెదవి కదల్లేదు. రెండు టీలూ నేనే తాగి బస్సెక్కాను.

మా చోడవరంలో కూర్చోవడానికి చోటు లేక కాదు. ఏ బేకరీకి వెళ్లినా నన్ను ఎరిగినవాళ్లు ఒకరుంటారు. నేను సమోసా కొంటే, నేను ఇంటికి చేరేలోపే అమ్మకు తెలుస్తుంది. అతనిది రావికమతం దగ్గర ఊరు. పెళ్లి సంబంధాల యాప్‌లో పరిచయమై నెలరోజులుగా మెసేజీలు రాసుకుంటున్నాం. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తేదాన్ని కాదు. గొంతు వణుకుతుందని భయం.

డేట్ అనే మాట ఇంట్లో వాడలేదు. "పెద్దవాళ్లు రాకముందు ఒకసారి మాట్లాడి వస్తాను" అన్నాను. నాన్న చెరకు కత్తి తుడుచుకుంటూ, "ఒక్కసారే. పై ఆదివారం పెళ్లిచూపులు" అన్నారు.

అమ్మ నవ్వింది. "నువ్వెళ్లి మాటాడతావేటి? పక్కింటోళ్లు పిలిస్తేనే తలుపెనక్కి పోతావు."

అది నిజమే. అనవలసిన మాట మరీ పెద్దదేం కాదు. ఇంటర్ చదివేటప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను. ట్రంకు పెట్టెలో, పుస్తకాల కింద దాచుకుంటాను. పెళ్లయ్యాక ఆ డైరీలను ఎవరూ తెరవకూడదు. పదిమంది మధ్య కాఫీ ట్రే పట్టుకుని నిలబడి ఆ మాట నేను అనలేను. ఈ ఒక్కసారి అనకపోతే మరెప్పుడూ అనను.

అందుకే అన్నీ డైరీలో రాసుకున్నాను. బస్సు టైము, ఏ చుడీదార్ వేసుకోవాలి, మాటలు ఆగిపోతే ఏం అడగాలి. ఒక్కటే రాసుకోలేదు. చెరకు రైతు కూతుర్ని అయ్యుండీ, గోవాడ షుగర్ ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలై, దారంతా చెరకు ట్రాక్టర్లే ఉంటాయన్న సంగతి మరిచిపోయాను.

గోవాడ దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు ఓ ట్రాక్టరు తొట్టి చక్రం రోడ్డు దిగి, చెరకంతా అడ్డంగా పడింది. ముందూ వెనకా బళ్లే. అరగంట గడిచింది. ఫోన్ మోగింది. మొదటిసారి ఎత్తాను.

"ఎక్కడున్నారండి?"

"గోవాడలో. బస్సు కదలట్లేదు."

"నేనూ ఇక్కడే ఉన్నాను. మీ బస్సుకి ఎనకాల, బండి మీద."

బస్సు దిగి, ట్రాక్టర్ల పక్కనుంచి వెనక్కి నడిచాను. హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడున్నాడు. అక్కడున్న టీ బడ్డీకి కుర్చీలు లేవు. ఉన్న ఒక్క బల్లా ట్రాక్టరు డ్రైవర్లతో నిండిపోయింది. కాగితం కప్పులతో నిలబడ్డాం. ఇంజన్ల మోతలో నా మాట నాకే వినబడలేదు.

"ఇనపడలేదండి" అన్నాడతను.

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే అన్నాడు. అప్పుడిక గొంతెత్తి చెప్పాను. "పెళ్లయ్యాక నా డైరీలు ఎవరూ తెరవకూడదు. మీరైనా సరే."

బల్ల మీదున్న డ్రైవర్లంతా మా వైపు తిరిగారు. ఓ పెద్దాయన టీ ఊదుకుంటూ, "ఇన్నావా బాబూ? ఇప్పుడే ఒప్పేసుకో. తర్వాతైతే దీనికి ఇంకో పది సేరుస్తాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను తల దించుకోలేదు. ఆ సంగతి నాకు బాగా గుర్తు.

అతను నవ్వలేదు. "నేను తెరవనండి. పెట్టెకి తాళం మాత్రం కొనుక్కోండి. మా అన్నయ్య పిల్లలు నా మాట ఇనరు" అన్నాడు.

నచ్చడానికి ప్రయత్నించేవాడు పిల్లల సంగతి చెప్పడు. అందుకే అతని మాట నమ్మాను. చెరకు ఎత్తి దారి ఇచ్చేసరికి మధ్యాహ్నమైంది. మేం అనకాపల్లి వెళ్లనే లేదు. ఆ గోడవార బల్ల దగ్గర ఇద్దరం కలిసి ఈనాటికీ కూర్చోలేదు. అందుకు నాకు విచారం లేదు.

షేర్ ఆటోలో ఇంటికొచ్చాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు వలుస్తోంది. నాన్న లోపలే ఉన్నారని తెలిసీ గొంతు తగ్గించలేదు. "నచ్చాడు. కానీ ఇంకో రెండుసార్లు కలిసి మాట్లాడాకే పెళ్లిచూపులు. పై ఆదివారం వద్దని చెప్పండి."

అమ్మ చేతిలో కాయ చేటలో పడేసింది. లోపలికి, నాన్న వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది.

"నీకింత నోరుందని ఇన్నాళ్లూ నాకు తెలీనేదే, గుంటా."