ఊడిరాని పుర్రె బొమ్మ

ఫ్యాక్టరీలో అందరికీ అతను స్టిక్కరు మామ. ఇరవై రెండేళ్లుగా యాసిడ్ పీపాల మీద పుర్రె బొమ్మలు అంటించడమే పని. వెనకటి కాగితం బొమ్మలు నాలుగు వానలకే ఊడిపోయేవి. ఈ ఏడు వచ్చినవి అలా కాదు. ఎండకు వెలిసిపోవు, నూనెకు జారవు, గోకితే గోరే విరగాలి. తన పనికి ఇన్నాళ్లకు ఆయుష్షు వచ్చిందని మామ పొంగిపోయాడు.

ఆ ఆయుష్షే కొంప ముంచింది. ఖాళీ అయిన పీపాను కడిగి, నేల తుడవడానికి నీళ్లు నింపుకోవడం అక్కడి అలవాటు. ఇదివరకు కడిగితే బొమ్మా పోయేది. బొమ్మ లేదంటే నీళ్లని లెక్క. ఇప్పుడు ఎంత తోమినా పుర్రె పళ్లికిలిస్తూనే ఉంది.

ఆ ఉదయం తలుపు దగ్గర రెండు నీలం పీపాలు. రెంటికీ పుర్రెలే. నేల తుడిచే చీపురక్క బకెట్టుతో వచ్చింది.

"మామా, నా నీళ్లేవి?"

నిన్న ఒకదాన్ని తానే దగ్గరుండి కడిగించాడు. ఎడమ పక్కన పెట్టించాడు. ఎడమేనా? ట్రాలీకి అడ్డమని ఎవరైనా జరిపారా? వాసన చూద్దామంటే గదంతా ఒకటే ఘాటు.

"ఎడమదే... అనుకుంటా."

"అనుకోవడమేంటి మామా? పెళ్లిలో అత్తనైనా గుర్తుపట్టావా, అనుకుని తాళి కట్టావా?" అంటూ ఆమె ఎడమ పీపా మూత తిప్పింది. చేతులకు గ్లవుజులు లేవు.

మామ మూత మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా! నాకే తెలీట్లేదు!" అని బకెట్టు లాక్కుని, బోర్లించి, రెండు పీపాల మధ్యా కూర్చున్నాడు. సూపర్‌వైజరు వచ్చి కేకలేసినా లేవలేదు.

చివరికి ల్యాబు అమ్మాయి వచ్చి రెంటిలోనూ చెరో లిట్మస్ కాగితం ముక్క ముంచింది. ఎడమ దాంట్లో కాగితం ఎర్రగా మారింది. యాసిడ్. కుడి దాంట్లోది మారలేదు. నీళ్లు.

చీపురక్క తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

మామ ఆ కొత్త రకంలోనే బొమ్మ లేని స్టిక్కరు తీశాడు. మార్కరుతో 'నీళ్లు' అని రాసి, కుడి పీపా పుర్రె మీద అంటించబోయాడు.

"మరి రేపు దీన్లో మళ్లీ యాసిడ్ పోస్తే?" అంది ఆమె.

మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పుర్రె వైపు చూశాడు, ఆమె చేతుల వైపు చూశాడు. స్టిక్కరు అవతల పారేద్దామనుకున్నాడు. అది బొటనవేలికి అంటుకుంది. ఎంత లాగినా రాలేదు.