అత్తగారి బంతిపూల మందు

మా అత్తగారు మాటంటే పడే మనిషి కాదు. కూర కుదరలేదంటే ఊరుకుంటారేమో గానీ, ఆవిడ బంతిపూల మందుకు వంక పెడితే ఆ పూట ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మందు మంచిదే. ఎండిన బంతిరేకులు నూనెలో వేసి, ఆ గిన్నెను మరిగే నీళ్ళలో కూర్చోబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, తేనెమైనం కలుపుతారు. కొత్తగా కాచిన ప్రతిసారీ ముందు తన మోచేతి లోపలివైపు రాసుకుని తెల్లారేదాకా ఆగుతారు. మెడ నిండా దద్దుర్లతో మా వీధి టైలరమ్మ గుమ్మంలో నిలబడ్డా సరే, "ముందు నా చర్మం ఒప్పుకోనీ" అంటారు.

మా పాపకు మోచేతి మడతల్లో ఎగ్జిమా వచ్చింది. గోకి గోకి రక్తం వచ్చింది. మందిమ్మంటే ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"తోలు లేచిన చోట నా మందు పనికిరాదమ్మాయ్. రేపు డాక్టరమ్మకి చూపిద్దాం."

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని లోకం అంటుంది. మా ఇంట్లో చెట్టే ఆ మాట అంది. వీధిలో అందరికీ ఇచ్చి మనవరాలికి ఇవ్వరా అని నేను మొహం మాడ్చుకుని బజారుకు వెళ్ళిపోయాను.

మర్నాటికి పాప చేతులు ఎర్రగా వాచిపోయాయి. డాక్టరమ్మ చూసి, "ఇంట్లో ఏమైనా రాశారా?" అని అడిగింది.

"ఏమీ రాయలేదండి," అన్నాను.

"అయితే చీము పడుతోందేమో. ఆస్పత్రిలో ఉంచాలి."

"నేను రాశాను," అన్నారు అత్తగారు. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద టైలరమ్మ కూర్చుని ఉంది. అయినా గొంతు తగ్గించలేదు. "కోడలు బజారుకెళ్ళినప్పుడు పిల్ల ఒకటే ఏడుపు. చూడలేకపోయాను. కొత్తగా కాచింది, నా చేతికి రాసుకోకుండానే దానికి రాశాను."

డాక్టరమ్మ మళ్ళీ చూసి, అది మందు పడకపోవడమేనని, ఆస్పత్రి అక్కర్లేదని ట్యూబు రాసిచ్చింది.

ఇంటికొచ్చి అత్తగారు మందు డబ్బాలు అటక మీదికి తోసి, వంటింట్లో పీట వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఎంత గడుసు మనిషి, ఎలా అయిపోయారు! నా కోపం ఎటుపోయిందో, ఆవిడ మీద ప్రేమ ముంచుకొచ్చింది. పాపను తెచ్చి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టి, ట్యూబు చేతిలో పెట్టాను.

"నా చేతులు గరుకు అత్తయ్యా. మీరే రాయండి."

"నేనా?" అన్నారు.

"మరెవరు?"

పాపను నాకిచ్చి లేచారు. కుళాయి కింద సబ్బుతో మోచేతుల దాకా చాలాసేపు చేతులు కడుక్కున్నారు.