తాళం పడని వెనక వాటా

మా ఓనరమ్మ పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున్న టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వెనక వాటా గుమ్మంలో గోడకు చేరగిలబడి కూర్చుంది. ట్యాంకు నిండిపోతోంది, మోటారు ఆపమని నేను నా వాటాలోంచి కేకేశాను. పలకలేదు. మోటారు అన్న మాటకు ఆమె పలకకపోవడం నేనెన్నడూ చూడలేదు. దగ్గరికెళ్లి భుజం పట్టుకున్నాక గానీ అర్థం కాలేదు.

టెక్కలిలో ఉన్న ఆమె కూతురికి ఫోన్ చేశాను. కూతురు ఏడుస్తూ బయల్దేరింది. ఆమె వచ్చేలోపే వీధిలో మాట మొదలైంది. పోయిన నక్షత్రం మంచిది కాదట, ఆ వాటా ఆరు నెలలు తాళం వేసి ఉంచాలట. ఆ మనిషి ఇంకా చాప మీదే ఉంది, వీళ్లు తాళం దాకా వెళ్లిపోయారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ వాటాకు తాళం పడనివ్వను అని అప్పుడే అనుకున్నాను. ఎందుకంటే ఆ తాళాన్ని ఇంతకుముందు ఒకసారి మా ఓనరమ్మే పడనివ్వలేదు.

ఆమెను మొదటిసారి చూసింది నేను ఇల్లు వెతుక్కుంటూ వచ్చినప్పుడు. మాది నౌపడ. నాన్న ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. ఆదివారం మేం చర్చికి వెళ్తాం. ఈ సంగతులన్నీ పలాసలో ఓనర్లు "మీరేవుట్లమ్మా?" అని, అంటే ఏ కులమని అడిగే ఒక్క ప్రశ్నతో రాబట్టేవాళ్లు. జవాబు విన్నాక, ఖాళీగా ఉన్న ఆ వాటా అప్పటికప్పుడు ఎవరో చుట్టానికి అవసరం పడేది. అలా కాశీబుగ్గంతా తిరిగి, విసిగిపోయి ఈ గేటు తట్టాను. ఆమె నా ఊరూ పేరూ అడగలేదు. స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చిచ్చింది.

"ముందు మా నీల్లు తాగి సూడు. ఇయ్యే తాగి బతకాల నువ్వు."

కిడ్నీ జబ్బు సంగతి చిన్నపిల్లలకు కూడా తెలిసిన ప్రాంతం మాది. అందరి అనుమానమూ నీళ్ల మీదే. ఓనరు మనిషిని చూసుకున్నట్టే, దిగబోయే మనిషి నీళ్లు చూసుకోవాలని ఆమె లెక్క. తాగాక తనకు కావలసినవి అడిగింది. ఏం పని చేస్తావు, ఎందరుంటారు, అద్దె ఏ తారీఖుకి ఇవ్వగలవు. అంతే. తర్వాత చేతులు కట్టుకుని, ఇప్పుడు నువ్వడుగు అంది. ఓనర్ని ఎదురు అడగొచ్చని నాకు అంతవరకూ తెలియదు. కాసేపు తడుముకుని, ఎండుచేపలు వండుకోవచ్చా అన్నాను. బారువ నుంచి మా మేనత్త పంపుతుంది. అవి లేకపోతే నాకు ముద్ద దిగదు.

"ఆ వాసన నాకు పడదే గుంటా. నాను తిట్టుకుంటాను. నువ్వు వండుకో."

అన్న మాట నిలబెట్టుకుంది. ఇన్నేళ్లూ తిట్టుకుంది. నేను మూకుడు పొయ్యి మీద పెట్టిన వెంటనే ఆమె కిటికీ రెక్కలు దబదబా పడేవి. వండొద్దని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆమెను దేవతని చేసి రాస్తే ముందు ఆమే నవ్వుతుంది. మోటారు స్విచ్చి, గేటు గడియ, బట్టలారేసే తాడు, వీటి గురించి మాతో పోట్లాడని రోజు లేదు. వయసులో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టిన చేతులవి. వేళ్ల కొసలకు పట్టిన జీడి రసం నలుపు ఎన్నటికీ పోలేదు. ఆ నల్లటి వేలు చూపించి మాట్లాడిందంటే ఎంతటివాళ్లయినా గడియ వేసి రావలసిందే.

అప్పట్లో వెనక వాటాలో ఉద్దానం నుంచి వచ్చిన ఒక కొబ్బరి రైతు, ఆయన భార్య ఉండేవారు. డయాలసిస్ కోసం ఊరి నుంచి తిరగలేక ఆసుపత్రికి దగ్గర్లో గది చూసుకుందామని వచ్చారు. ఇంట్లో రోగి అనగానే ఓనర్లు వెనక్కి తగ్గారు. రేపేమైనా అయితే అని భయం. మా ఓనరమ్మ వాళ్లకూ గ్లాసుడు నీళ్లే ఇచ్చింది. ఆయనకు డాక్టర్లు నీళ్లు కొలిచి తాగమన్నారు. ఒక్క గుక్క తాగి గ్లాసు భార్య చేతికిచ్చాడు. మిగతావి ఆవిడ తాగింది.

ఒకరోజు తెల్లారేసరికి ఆయన నిద్రలోనే పోయాడు. ఆవిడ ఏడవలేదు. ఆటో పిలిచి, మేం లేచేసరికి ఆయన్ని డ్రైవరు సాయంతో లోపల కూర్చోబెట్టి, మెడ వాలకుండా భుజానికి ఆనించుకుంది. కొంచెం నలతగా ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నానని మాకు చెప్పింది. అద్దె ఇంట్లోంచి శవం లేచిందన్న మాట మా ఓనరమ్మకు రాకూడదని ఆవిడ తాపత్రయం. పోయిన మొగుణ్ణి బతికున్న మనిషిలా కూర్చోబెట్టి తీసుకుపోయేంత భయం పెట్టాం మనం అద్దెకున్నవాళ్లకి. మా ఓనరమ్మ వచ్చి ఆయన పాదం ముట్టుకుంది. ఆటోకు అడ్డంగా నిలబడింది.

"దించండి. ఈ మనిసి అద్దె కట్టిన ఇల్లిది. ఈడ కాకపోతే ఏడ పడుకుంటాడు?"

అప్పుడు ఏడ్చింది ఆవిడ.

తర్వాత వీధంతా ఒకటే మాట, ఆ వాటా మూసెయ్యమని. తెరిచి ఉంచినా ఎవరూ దిగరన్నారు. ఆ రైతు భార్య ఊరెళ్లిపోయాక మా ఓనరమ్మ తన మంచం, స్టవ్వు, దేవుడి పటాలు మోయించుకుని తనే అందులో దిగిపోయింది. రోడ్డు వైపున్న తన వాటా ఒక టీచరు కుటుంబానికి అద్దెకిచ్చింది. భయం లేదా మామ్మా అని అడిగాను. ఉంది, రెండ్రోజులుంటాది, పోతాది అంది.

నా ఉద్యోగంలో ఆమె వేలు పెట్టింది కూడా ఆ రోజుల్లోనే. నేను విశాఖలో ఉన్న ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. చిన్న ఊళ్లలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ ఒక యాప్ చేయమన్నారు. దిగబోయేవాళ్లు వివరాలిస్తే యాప్ మార్కులేస్తుంది, ఆ మార్కులు చూసి ఓనరు సరేనంటాడు, లేదా కాదంటాడు. బాగానే కుదిరిందని మురిసిపోయి ఆమెకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, పెళ్లి సంబంధం చూసినంత సేపు చూసింది.

"ఈ మార్కులెవులేసినారు? ఎందుకేసినారో ఆ మనిసికి సెప్పినారేటి?"

చెప్పలేదు. ఆ ఆలోచనే మాకు రాలేదు. వెళ్లి వెతికితే, తక్కువ మార్కులు పడినవాళ్లలో ఒక టైలరమ్మ కనిపించింది. పాత ఓనరు ఆమె గురించి 'గొడవ మనిషి' అని రాశాడు. ఫోన్ చేసి అడిగితే, ఆమె చేసిన గొడవల్లా కారుతున్న శ్లాబు బాగుచేయించమనడమే. అది విని మా ఓనరమ్మ, గొడవకు మార్కులు తగ్గిస్తే ముందు నాకు సున్నా వెయ్యమంది. మార్కులు తీసేయించాను. ఇప్పుడు మా దాంట్లో పాత ఓనరు ఏం రాసినా ముందు ఆ అద్దె మనిషికే కనిపిస్తుంది. ఆ మనిషి తన మాట రాశాకే రెండూ పక్కపక్కన కొత్త ఓనరుకు వెళ్తాయి. ఆమె చెప్పిన ఇంకో మాట కూడా పెట్టాను. అడిగినోలు సెప్పాల కూడా అనేది. అద్దెకొచ్చేవాళ్లని ఏ ప్రశ్న అడిగితే ఆ ప్రశ్నకు ఓనరు కూడా జవాబివ్వాలి.

దాన్ని చూపించడానికి పలాసలో కొందరు ఓనర్లను ఒక జీడిపప్పు వ్యాపారి మేడ మీద కూర్చోబెట్టాం. అంతా బాగుందన్నారు. ఇంట్లో రోగులున్నారా అన్న ప్రశ్న ఒక్కటీ పెట్టమన్నారు, అది లేకపోతే ఇదంతా మాకెందుకన్నారు. మా కంపెనీవాళ్లు పెడితే పోలేదా అన్నట్టు నా వైపు చూశారు. వెనక కుర్చీలోంచి మా ఓనరమ్మ లేచింది.

"అలగే పెట్టండి. ముందు మనం సెప్పుదుం. ఇంట్లో రోగి లేనోలు సెయ్యెత్తండి."

ఒకాయన చెయ్యి సగం లేచి దిగిపోయింది. ఆయన తమ్ముడు డయాలసిస్ మీదున్నాడని అక్కడ అందరికీ తెలుసు. అలాగని వాళ్ల మనసు మారిపోయిందని చెప్పను. చాలామంది లేచిపోయారు, మళ్లీ రాలేదు. కంపెనీలో నాకు చీవాట్లు పడ్డాయి. ఆ ప్రశ్న పెట్టమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. నేను పెట్టనని చెబుతూనే ఉన్నాను. నన్ను తీసేసి ఇంకొకరిచేత పెట్టించుకుంటే అది వేరే సంగతి. నా చేత్తో మాత్రం అది పడదు.

కర్మకాండలయ్యాక కూతురు వెనక వాటా గుమ్మంలో నిలబడి, అందరూ మూసీమంటన్నారు, అసలిందులో ఎవులు దిగుతారే అంది.

"నేను దిగుతాను" అన్నాను.

నన్ను తేరిపార చూసింది. అమ్మనాగే మాటాడతన్నావు అని, కొంగుతో కళ్లు తుడుచుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టింది. నీ పాత వాటా ఎవరికివ్వాలో కూడా నువ్వే చూడమంది. నా సామాను ఆ సాయంత్రమే మార్చాను. భయం రెండ్రోజులే ఉంటుందని ఆమె చెప్పింది. నాకు వారం పట్టింది. ఇది రాస్తున్నది ఆ గదిలోనే.

నా పాత వాటా కోసం నిన్న ఒక జంట వచ్చింది. ఉద్దానం వాళ్లే. ఆయన చేతికి డయాలసిస్ కట్టు ఉంది. అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఆయన గుక్కెడు తాగి గ్లాసు భార్యకు ఇచ్చాడు. నాకు కావలసిన మూడూ అడిగి, ఇప్పుడు మీరడగండమ్మా అన్నాను. ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. పోయారు, వెనక వాటాలో ఇద్దరు, ఇప్పుడు అందులో నేనే ఉంటున్నాను అని చెప్పాను. ఆమె అటు చూసింది. తలుపు తెరిచే ఉంది, తాడు మీద నా తువ్వాలు ఆరుతోంది. నీళ్లు మొత్తం తాగి, భర్తకు వినపడకుండా నా పక్కకు వచ్చింది.

"రేపు ఈయనకేటైనా అయితే ఇంట్లో పెట్టనిస్తారేటమ్మా?"

"మీ ఇల్లే కదా" అన్నాను.

ఆమె కొళాయి దగ్గరికెళ్లి గ్లాసు కడిగింది. గట్టు మీద బోర్లించి, చెయ్యి తుడుచుకుంటూ, మోటారు స్విచ్చి ఎక్కడుందని అడిగింది.