రాయ్‌పూర్ పాదయాత్రలో మా పిన్ని చెప్పలేకపోయిన మాటలు

పోయిన వేసవిలో మా బాబాయి వడదెబ్బకు పోయాడు. మేముండే కోహ్కాలో ఆటో నడిపేవాడు. మిట్టమధ్యాహ్నం ప్రయాణికుణ్ణి దింపి, సీట్లోనే ఒరిగిపోయాడు. ఈ ఏడాది, పెరుగుతున్న ఎండల మీద, మారిపోతున్న వాతావరణం మీద రాజ్‌నాంద్‌గావ్ నుంచి రాయ్‌పూర్ దాకా పాదయాత్ర వెళ్తోందని తెలియగానే లక్ష్మి పిన్ని "నానూ నడుస్తాను" అంది. ఆఖరి సభలో మాట్లాడమని నిర్వాహకులు ఆమెను అడిగారు. తోడుగా నేను బయల్దేరాను.

తెల్లవారుతుండగా ఇంటికి దగ్గర్లోని సుపేలాలో యాత్రలో కలిశాం. అక్కడి నుంచి రాయ్‌పూర్‌కు తీరిగ్గా నడిస్తే రెండు రోజులు. జీఈ రోడ్డనే హైవే వెంట పవర్ హౌస్, చరోదా దాటేసరికి ఎండ ముదిరింది. ఆ రాత్రికి కుమ్హారీలో బస. తిండీ పడకా యాత్ర వాళ్లే చూసుకున్నారు, మాకు చేతి ఖర్చు టీలకే. దారి పొడుగునా పిన్ని సభలో చెప్పబోయేది నాకు హిందీలో వినిపిస్తూనే ఉంది. మధ్యలో తెలుగులోకి వచ్చేసేది. "అందరూ చుట్టూ నిలబడి చూసినార్రా. ఎవులైనా బేగి నీళ్లు పోసుంటే బతికీవోడు. అదే చెప్తాను."

మర్నాడు ఖారూన్ నది వంతెన దాటాక, దుర్గ్ నుంచి వచ్చిన పూనమ్ అనే కాలేజీ అమ్మాయి అడుగులు తడబడ్డాయి. పలకరిస్తే పొంతన లేని జవాబులిచ్చింది. కాసేపు నీడన కూర్చోబెడదామన్నారెవరో. పిన్ని ఆమె చెయ్యి పట్టి చూసింది.

"ఒళ్లు కాలిపోతంది! ఆటో ఆపరా!"

చేతిలో ఉన్న నీళ్లన్నీ ఆ అమ్మాయి తల మీద కుమ్మరించి, కొంగు తడిపి మెడకు చుట్టింది. ఆటో ఆగింది. ఎక్కడికని డ్రైవరు అడిగాడు.

"కహాఁ జానా హై, దీదీ?"

"హాస్పిటల్, భయ్యా. జల్దీ!"

నేనూ ఎక్కబోయాను. "నువ్వు సభకెల్లు. నాను ఈ పిల్లని ఒగ్గీసి రాలేను" అంది పిన్ని.

సభలో పిన్ని పేరు పిలిచారు. ఆమె బదులు నేను వేదిక ఎక్కాను. రెండు రోజులు విన్న మాటలే, ఒక్కటీ నోటికి రాలేదు. మా బాబాయి ఎండకు పోయాడని, పిన్ని ఆసుపత్రిలో ఉందని మాత్రం చెప్పి మైకు ఇచ్చేశాను. చప్పట్లు కొట్టారు. తర్వాతి వక్తను పిలిచారు.

సాయంత్రం నేను ఆసుపత్రికి వెళ్లేసరికి పూనమ్ లేచి కూర్చుంది. పిన్ని నన్ను చూడగానే అడిగింది.

"మీ బాబాయి గురించి ఏటి చెప్పినావు?"

చెప్పాను.

"అంతేనా?" అంది. "పోన్లే. ఈ పిల్ల అమ్మొచ్చేదాకా కూకుందాం."

తిరిగి లోకల్ రైల్లో పవర్ హౌస్‌కి వచ్చాం. ఒక పిల్ల బతికింది, అంతకన్నా ఏం కావాలని అందరూ అంటున్నారు. నిజమే. కానీ ఏడాదిపాటు ఆమె కూడబెట్టుకున్న మాటలు వినాల్సిన వాళ్లు వినకుండానే ఇళ్లకు వెళ్లిపోయారు. మళ్లీ వాళ్లందరూ ఒక్కచోట కూర్చునేదెప్పుడో తెలియదు.

ఇలాంటి యాత్రకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఎండలో నడిచే మనిషి మాట తేడాగా వస్తే, చెమట పడుతున్నా సరే, నీడతో సరిపెట్టకండి. వెంటనే ఒళ్లంతా తడిపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. చుట్టూ నిలబడి చూడకండి.