గుడ్ల బండికి కొత్త బల్బులు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు బండి కాగితాల్లో తప్ప ఇంకెక్కడా కనిపించదు. అందరికీ ఆయన గుడ్లాయనే. ఇరవై రెండేళ్లుగా తెల్లవారకముందే లేచి, పికప్ బండిలో ఊరి బయటి కోళ్లఫారానికి వెళ్తాడు. అక్కడ ట్రేలకు ట్రేలు గుడ్లు ఎక్కించుకుని, ఏడు గంటలకల్లా బేకరీలకూ హోటళ్లకూ చిన్న కొట్లకూ అందించేస్తాడు.

ఆయన బండి నడిపే తీరే వేరు. స్పీడ్‌బ్రేకర్ దగ్గర బండి ఆగిందో ఎక్కుతోందో వెనకవాళ్లకు అంతుపట్టదు. హారన్లు మోగుతుంటే అద్దంలోంచి వాళ్లను జాలిగా చూస్తాడు. ఇరవై రెండేళ్లలో అలవాటు ఒంటికి పట్టేసి, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా దించుతాడు. ఏదైనా కొనడానికి వెళ్తే ఇక చెప్పనే అక్కర్లేదు. చెప్పులు కొనడానికి మూడుసార్లు వెళ్లి, నాలుగోసారి పాతవే కుట్టించుకొచ్చాడు. "నన్ను చూడ్డానికి ఎన్నిసార్లు వచ్చారో తెలుసా? ఆఖరికి నాకే విసుగొచ్చి సరేనన్నాను," అంటుంది ఆయన భార్య. ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది.

ఒకరోజు వేకువన ఫారం నుంచి తిరిగొస్తుంటే బండి కుడి దీపం ఆరిపోయింది. ఆయన గమనించలేదు. ఎదురుగా వస్తున్న పాలవ్యాను నడిపేవాడు ఒక్క లైటే కనపడేసరికి ఏదో మోటారుసైకిలు అనుకుని, అదే తప్పుకుంటుందిలెమ్మని నేరుగా వచ్చేశాడు. గుడ్లాయన స్టీరింగు గిర్రున తిప్పాడు. బండి రోడ్డు దిగి గుంతలో ఎగిరిపడింది. వెనకనుంచి వచ్చిన చప్పుడు విని ఆయన కళ్లు మూసుకున్నాడు.

పాలవాడు తల బయటపెట్టి, "బైకనుకున్నానండీ!" అని అరిచాడు.

నాలుగు ట్రేలు పోయాయి. బండి వెనకనుంచి సొన ధారగా కారుతుంటే ఆయన పరాయివాళ్ల ఇంట్లో గాజుసామాను పగలగొట్టినవాడిలా నిలబడిపోయాడు. పోయిన గుడ్ల కన్నా, తనను పట్టుకుని బైకు అన్నందుకు ఆయనకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే మాడిన బల్బును జేబురుమాలులో చుట్టుకుని స్పేరుపార్టుల కొట్టుకు వెళ్లాడు. ఆ కొట్టు నడిపే ఆవిడ కళ్లజోడు ఎప్పుడూ జుట్టులోకి తోసి ఉంటుంది. అది కిందికి దించుకుని బల్బును అటూ ఇటూ తిప్పి చూసింది.

"మూడు కాళ్లది. ఒకటి పోయిందంటే రెండోది కూడా దారిలోనే ఉన్నట్టు. జత మార్చేయండి అన్నయ్యా," అని నాలుగు రకాల డబ్బాలు బల్ల మీద పరిచింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డబ్బాల మీద ఉన్న ప్రతి అక్షరమూ చదివాడు. "ఈ మామూలుది ఏ రంగు వెలుగమ్మా?"

"కాస్త పసుపుగా ఉంటుంది."

"పచ్చసొన అంత పసుపా, దానికన్నా లేతగానా?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "లేత."

"మరి ఈ ఎల్‌ఈడీ?"

"తెలుపు."

"గుడ్డు పైపెంకు తెలుపా, లోపలి తెలుపా?"

ఆవిడ కళ్లజోడు మళ్లీ జుట్టులోకి తోసేసి, "రేపు రండి, తీరిగ్గా చూద్దురు," అంది.

రేపూ వచ్చాడు, ఎల్లుండీ వచ్చాడు. మూడోరోజు వెంట బావమరిది కూడా ఉన్నాడు. అతను ఐస్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేస్తాడు. పగలంతా ఫోనులో వీడియోలు చూస్తాడు కనుక అతనికి తెలియని విషయం లేదు.

"ఇందులో ఆలోచించేదేముంది బావా? ఎల్‌ఈడీ వేసెయ్. రోడ్డు మీద సూది పడినా ఏరుకోవచ్చు," అన్నాడు.

"వద్దండీ," అంది కొట్టావిడ. "మీ బండి దీపం గిన్నె మామూలు బల్బు కోసం చేసింది. అందులో ఇది పెడితే వెలుగు రోడ్డు మీద పడదు, చెల్లాచెదురై ఎదుటివాళ్ల మొహాన పడుతుంది."

"వద్దనేదానివి మరి కొట్లో ఎందుకు పెట్టావమ్మా?" అన్నాడు బావమరిది.

"మీలాంటివాళ్లు అడుగుతారని."

గుడ్లాయన రెండు డబ్బాలనూ రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు తూచినట్టు చూశాడు. పాలవాడి మాట చెవిలో గింగురుమంది. ఇంకెప్పుడూ, ఇంకెవడూ తనను బైకు అనుకోకూడదు. ఎల్‌ఈడీ డబ్బా జేబులో వేసుకున్నాడు. కొట్టావిడ, "డబ్బా పారెయ్యకండి," అని మాత్రం అంది.

మర్నాడు వేకువన స్విచ్ వేయగానే ఆయన నోరెళ్లబెట్టాడు. ఎదురుగా ఉన్న చెట్లన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. దూరాన మేడ మీద ఆరేసిన చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. అదంతా చూసిన మురిపెంలో, బండి ముందున్న గుంత మాత్రం సరిగ్గా కనపడలేదన్న సంగతి ఆయన పట్టించుకోలేదు.

ఇంకో వింత కూడా జరిగింది. ఎదురొచ్చే ప్రతి బండివాడూ ఆయనకు లైట్లు కొట్టాడు. ఇన్నాళ్లూ ఆయనను పలకరించిన పాపాన పోయినవాడు లేడు. ఇప్పుడు బస్సువాడు, లారీవాడు, కూరగాయల ఆటోవాడు అందరూ మిణుకు మిణుకుమంటున్నారు. ఆయన పొంగిపోయాడు. మర్యాదకు మర్యాద అని తనూ హైబీమ్ వేసి, ఒక్కొక్కరికీ రెండేసిసార్లు గట్టిగా వెలిగించాడు. ఒక లారీ డ్రైవరైతే చెయ్యంతా బయటికి చాపి, ముఖమంతా కదిలిస్తూ ఏదో చెప్పాడు. అద్దాలు మూసి ఉండటంతో వినపడలేదు గానీ, చాలా ఆప్యాయంగా చెబుతున్నట్టే అనిపించింది.

"పాతికేళ్లు ఒకే దారిలో నడిస్తే జనం గుర్తుపట్టకుండా ఉంటారా?" అన్నాడు భార్యతో, మూడేళ్లు కలిపేసుకుని.

ఎనిమిదోరోజు గుడ్లన్నీ అందించి ఇంటికొచ్చి, భార్య మిషను పక్కన స్టూలు వేసుకుని ఆనాటి వార్తలు విప్పాడు.

"ఇవాళ ఒకాయన బైకు మీద వస్తూ నన్ను చూసి రెండు చేతులూ ఎత్తేశాడే. నేనూ ఎత్తేవాణ్నే గానీ స్టీరింగు ఉంది కదా. లైట్లు కొట్టి ఊరుకున్నాను."

"బైకు మీద రెండు చేతులూ ఎత్తాడా?" అంది ఆవిడ, కుట్టు ఆపకుండానే.

అంతలో గుమ్మంలో ఏదో కరకరలాడింది. చూస్తే బావమరిది. మోకాళ్లదాకా సిమెంటు ఎండి పెళుసుబారింది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు. చొక్కా జేబులో కంకర.

"అక్కా, నీళ్లు! వాడెవడో దొరకాలి, వాడి గుడ్లు పేలిపోను!"

"ఎవడ్రా?" అంది ఆవిడ కంగారుగా లేచి.

"ఎవడో తెలిస్తే ఇలా వస్తానా? డ్యూటీ దిగి వస్తుంటే ఎదురుగా ఒకడు సూర్యుణ్ని బానెట్‌కు కట్టుకుని వస్తున్నాడు. కళ్లు బైర్లు కమ్మాయి. చేతులు అడ్డం పెట్టుకున్నాను. అంతే, రాత్రే పోసిన ఫుట్‌పాత్ పచ్చి గచ్చులో బండితో సహా దిగిపోయాను. వాచ్‌మన్ పట్టుకుని కూర్చోబెట్టాడు. మేస్త్రీ వచ్చి నా చేతికే తాపీ ఇచ్చి మొత్తం మళ్లీ సర్దించాడు!"

"అలాంటివాళ్లకు లైసెన్సు ఎవరిస్తారో!" అన్నాడు గుడ్లాయన మనస్ఫూర్తిగా. "ఏ బండిరా అది?"

"బండి కనపడితేగా బావా! వెలుగు తప్ప ఇంకేం లేదు."

ఆవిడ దారం పళ్లతో తెంపి, నెమ్మదిగా అడిగింది. "ఎక్కడ?"

"నీళ్ల ట్యాంకు మలుపులో."

"ఎన్నింటికి?"

"ఐదుంబావుకి. ఇంకా విను అక్కా. నేను గచ్చులో పడి కొట్టుకుంటుంటే వాడు రెండుసార్లు లైట్లు కొట్టి మరీ పోయాడు. ఎంత వెక్కిరింపు!"

గుడ్లాయన గుడ్లు తేలేశాడు.

"అది వెక్కిరింపు కాదురా," అన్నాడు. "మర్యాద."

బావమరిదికి సంగతి బుర్రకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఎక్కాక గచ్చు పెళ్లలు రాలేలా చిందులు తొక్కాడు. అక్క అతనికి చీపురు అందించి, "వద్దువద్దంటున్నా వినకుండా ఆ బల్బులు కొనిపించిన పెద్దమనిషి ఎవరో?" అంది. దాంతో అతను ఊడవడం మొదలుపెట్టాడు.

ఆవిడకు నవ్వు ఆగలేదు గానీ ఆయనకు నవ్వు రాలేదు. వారం రోజుల ముఖాలన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగాయి. లారీ డ్రైవరు ఏమన్నాడో ఇప్పుడు ఒక్కొక్క మాటా వినపడుతున్నట్టే ఉంది. గచ్చు ఉండబట్టి సరిపోయింది, అక్కడ రాయి ఉంటే? రోడ్డు పక్కన నడిచేవాళ్లుంటే? అన్నం కూడా తినకుండా కొట్టుకు బయల్దేరాడు.

కొట్టావిడ ఆయనను చూడగానే మామూలు బల్బుల జత తీసి బల్ల మీద పెట్టింది. "ఎనిమిది రోజులు పట్టింది. నేను నాలుగే అనుకున్నాను," అంది.

ఆయన డబ్బా మీద ఒక్క అక్షరం చదవలేదు, ఏ రంగని అడగలేదు.

"గాజు మీద వేలు పెట్టకండి, జిడ్డు అంటితే తొందరగా మాడిపోతుంది. కింద ఇనుపభాగం పట్టుకునే బిగించండి," అని ఆవిడ జాగ్రత్తలు చెప్పబోయి, ఆయన దాన్ని పట్టుకున్న తీరు చూసి ఆగిపోయింది. అంత సున్నితంగా బల్బును పట్టుకున్నవాణ్ని ఆవిడ అంతవరకు చూడలేదు. అందుకేనేమో ఇంకో సంగతి కూడా చెప్పింది. "బల్బు మార్చాక వెలుగు ఎక్కడ పడుతుందో గోడ మీద చూసుకోండి. ఏడెనిమిది గజాల దూరంలో బండి నిలిపి, దీపం ఎత్తుకు సరిగ్గా గీత గీయండి. లోబీమ్ అంచు ఆ గీతకు నాలుగు వేళ్లు కిందకు ఉండాలి. దీపం వెనక మర ఉంటుంది, తిప్పితే దిగుతుంది."

మసక చీకటి పడగానే ఇంటి పక్క ఖాళీ గోడ ముందు ముగ్గురూ చేరారు. భార్య టేపుతో కొలిచి, గుడ్డ మీద గీసే సుద్దతో అడ్డగీత గీసింది. బావమరిది స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. ఆయన లైట్లు వేశాడు.

"కుడిది పైకి చూస్తోంది, దించు," అంది ఆవిడ.

"ఎంత?"

"పాంటు మడత అంత."

"అక్కా, మనుషులకు అర్థమయ్యేలా చెప్పు!"

గంటసేపు దించారు, ఎత్తారు, మళ్లీ దించారు. చివరకు రెండు వెలుగులూ గీత కింద ఒద్దికగా కూర్చున్నాయి. మర్నాడు వేకువన రోడ్డు లేత పసుపుగా కనపడింది. మేడ మీది గుండీలు కనపడలేదు గానీ గుంతలన్నీ కనపడ్డాయి. పాలవ్యాను ఎదురై, మామూలుగా తప్పుకుని వెళ్లిపోయింది.

బావమరిది మేస్త్రీకి చెప్పడంతో ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. మొదట కూరగాయల ఆటోవాడు, తర్వాత పాలవాడు, ఇంకొన్నాళ్లకు లారీ డ్రైవరు కూడా సాయంత్రాలు ఆ గోడ ముందుకు బండి తెచ్చి నిలపడం మొదలుపెట్టారు. ఏ బల్బు వేయాలని అడిగితే గుడ్లాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెడతాడు. ఆయన సగంలో ఉండగానే భార్య సుద్ద పట్టుకుని గోడ దగ్గరికి నడుస్తుంది.

"ఆ కథ తర్వాత విందువు గానీ, ముందు లైటెయ్యి నాయనా! నాకింకా పన్నెండు నిక్కర్లు కుట్టేదుంది."