ముందు గోడ, తర్వాత గుమ్మం

నతానియేలు గారు ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను పలకరిస్తారు. మనుషుల వంతు ఆ తర్వాతే. గేటు తీసుకుని తిన్నగా గుమ్మంలోకి వెళ్ళడమన్నది ఆయన చరిత్రలో లేదు. చెప్పులు ఓ పక్కన విడిచి, భుజం మీది పచ్చగళ్ళ తువ్వాలు సర్దుకుని, ఇంటి చుట్టూ తిరుగుతారు. వేళ్ళ కణుపులతో టక్ టక్‌మని కొడతారు. చెవి ఆనిస్తారు. అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటారు. లోపల ఆయన కోసం పెట్టిన కాఫీ చల్లారిపోతూ ఉంటుంది.

మస్కట్‌లో పెద్ద పెద్ద భవనాల బయటి గోడలు తనిఖీ చేసే ఉద్యోగం చేసి, రిటైరై పటమటలో స్థిరపడ్డారాయన. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన గోడల్ని వదల్లేదు. అమలమ్మ గారు మాత్రం మొగుడి జబ్బు మస్కట్‌లో అంటింది కాదంటారు.

"చల్లపల్లిలో నన్ను చూట్టానికొచ్చారండీ. కాఫీ తీసుకుని వస్తే మనిషి లేరు! పెరటి గోడకి చెవి పెట్టుకుని నించున్నారు. ఇంటికెళ్ళాక వాళ్ళమ్మగారు 'పిల్ల ఎలా ఉందిరా' అనడిగితే, 'బానే ఉందమ్మా, దక్షిణం వైపే కాస్త చెమ్మ పట్టింది' అన్నారంట!"

మైలవరంలో ఓ పెళ్ళికి వెళ్ళినప్పుడు ఫంక్షన్ హాలు వాచ్‌మన్ ఆయన్ని దొంగనుకుని రెక్క పట్టుకున్నాడు.

"ఏంటి పెద్దాయనా, గోడకి చెవి పెట్టావ్? లోపలేముందని?"

"ఏమీ లేదయ్యా, అదే నా దిగులు! పైపూత గోడని వదిలేసింది. అంతా డొల్ల."

ఆ డొల్ల ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో వాచ్‌మన్ చేత కూడా కొట్టించి వినిపించేసరికి ఆఖరి బంతి లేచిపోయింది. ఆయన పస్తుతో ఇల్లు చేరారు. భోజనం పోయినందుకు బెంగ లేదు. ఆ గోడ కోసం మాత్రం చాలా రోజులు నిట్టూర్చారు.

అలాంటి మనిషి ఓ ఆషాఢంలో తమ వీధిలోనే ఉన్న మాణిక్యం ఇంటి గేటు తీశారు.

ఆ ఎండాకాలమే మాణిక్యం భర్త తిరుపతిరావు గుండె ఆగి పోయారు. పోయే ముందు ఆయన ముచ్చటపడి చేయించిన పని ఇంటి బయటి గోడ. ఎండ వేడి లోపలికి రాకుండా ఇటుక గోడ మీద థర్మాకోల్ పలకలు అంటించి, వాటి మీద వల లాంటి జాలీ పరిచి, పైన గరుకు పూత వేయించి, లేత పసుపు రంగు దగ్గరుండి కలిపించుకున్నారు. ఆ రంగు ఆరిన కొన్నాళ్ళకే మనిషి లేరు. అప్పట్నించి మాణిక్యం గుమ్మం దాటలేదు. కూరగాయలు కూడా ఫోను చేస్తే వచ్చి పడేవి. ఇప్పుడా గోడ మీద, కిటికీ కింద, నల్లగా ఓ మరక దిగింది.

"థర్మాకోలంతా లోపల తడిసి ముద్దయిపోయి ఉంటది వదినా," అన్నాడు మరిది రామకోటేశ్వరరావు. "మొత్తం పీకించేసి టైల్స్ వేయిద్దాం. మేస్త్రీతో మాట్టాడేశా."

ఆ గోడ కూడా పోతే ఆయన చేతి పని ఇంకేం మిగల్దని మాణిక్యానికి చెప్పాలనుంది.

సరిగ్గా అప్పుడే బయట టక్ టక్‌మని వినిపించింది. మరక సంగతి ఎవరు చేరవేశారో గానీ, నతానియేలు గారు అప్పటికే సగం ఇల్లు చుట్టేశారు. సన్నజాజి తీగ వెనక దూరి చాలాసేపు ఏదో కుస్తీ పట్టి, చెమటలు కక్కుతూ బయటికొచ్చారు.

"వానాకాలం పోయేదాకా ఈ గోడ సంగతి ఏమీ చెప్పలేం. అందాకా ఎవరూ సుత్తి ఎత్తకూడదు. కానీ చెల్లెమ్మా, నువ్వు రోజూ పొద్దున్నే బయటికొచ్చి చుట్టూ కొట్టి చూడాలి."

"నాకేం తెలుసండీ అన్నయ్యగారూ? నేను చదువుకుంది కూడా లేదు."

"పుచ్చకాయ కొట్టి చూసి కొనేదానివి కాదూ? అదే చదువు!"

ఆయన తువ్వాలు అంచు చిరిగి ఉండటం రామకోటేశ్వరరావు కంట్లో పడింది. "అదేంటండీ, కొత్త తువ్వాలల్లే ఉంది?"

"ఎలక కొరికిందయ్యా," అన్నారాయన.

మర్నాటి నుంచి చదువు మొదలైంది. "పాతకాలం గార గోడ వానకి నీళ్ళు తాగి, ఎండకి ఆవిరి కక్కేస్తుంది. ఇది రెయిన్‌కోటు తొడుక్కున్న గోడ. చుక్క లోపలికి పోయిందా, బయటికి దారి ఉండదు. అందుకే కిటికీ మూలలు చూడు. మేకు దిగిన చోటు చూడు. గోడ అడుగు అంచు మట్టిలో దిగిందేమో చూడు." ఆ మాటకి మాణిక్యం చామంతి మొక్కల కోసం గోడ వారగా ఎగదోసిన మట్టిని తనే పారతో వెనక్కి లాగింది. "పూత గట్టిగా పట్టుకుందా, కొత్త కుండలా ఒక్క తీరుగా పలుకుతుంది. వదిలేసిందా, పొంగిన పూరీయే."

"జబ్బు చప్పుడు తెలియాలంటే మంచి గోడలు వినాలి," అంటూ వీధంతా తిప్పారు. తెరేసమ్మ ఇంటి గోడ, డెయిరీ వాళ్ళ గోడ, చర్చి ప్రహరీ. గోడ చూడ్డానికి వెళ్తే తెరేసమ్మ పెసరట్టు పెట్టకుండా పంపదు. గోడ వదిలినా ఆవిడ వదలదు.

డెయిరీ గోడ దగ్గర ఆయన అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. "ఇక్కడ మేస్త్రీ టీకి దిగాడు చెల్లెమ్మా. మళ్ళీ ఎక్కేసరికి పూత అంచు ఆరిపోయింది. ఇదిగో, అతుకు తగుల్తోందా?" మాణిక్యం వేలు పెట్టింది. వెంట్రుక వాసి గీత! ఎప్పుడో ఎవరో తాగిన టీ ఈయన చేతికి తెలుస్తోంది.

"మరి మా గోడకి?"

"మీ గోడకి అతుకే లేదమ్మా. పనివాణ్ణి దిగనివ్వకుండా ఎవరో కాపలా కాశారు."

"ఆయనేనండీ!" మాణిక్యం గొంతు ఒక్కసారిగా లేచింది. "ఎండలో గొడుగేసుకుని నించుని, ఫ్లాస్కు తాడుకి కట్టి టీ పరంజా మీదికే పంపేవారు. 'దిగావంటే మా ఆవిడ ఊరుకోదు' అని నా పేరు చెప్పి బెదిరించేవారు కూడానూ!"

చెబుతూ చెబుతూ నవ్వేసింది. ఆయన పోయాక ఆయన గురించి మాట్లాడటం అదే మొదలు.

వానాకాలం వెళ్ళిపోయింది. రామకోటేశ్వరరావు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు.

"ఆగు," అంది మాణిక్యం. కిటికీ మూలల నుంచి అడుగు అంచు దాకా కొట్టుకుంటూ వచ్చింది. కొత్త కుండ. అంతటా కొత్త కుండే. "ఈ గోడకి ఏ జబ్బూ లేదు. మేస్త్రీగారికి కాఫీ ఇస్తాను, తాగి వెళ్ళమను."

"అది కాదు వదినా..."

"నువ్వు కొట్టి చూడు. పుచ్చకాయ కొనడం వచ్చా?"

మరిది కొట్టి చూశాడు. మేస్త్రీతో పాటు తనూ కాఫీ తాగాడు.

వాళ్ళు వెళ్ళాక మాణిక్యం సన్నజాజి కొమ్మలు కత్తిరిస్తూ ఠక్కున ఆగింది. తీగ వెనక, కిటికీ కింద గోడ మీదికి కారుతుండే ఏసీ నీళ్ళ పైపు మూతి అవతలికి తిరిగి ఉంది. దాన్ని కొమ్మకి కట్టిన గుడ్డపీలిక ఎండకి వెలిసింది గానీ గళ్ళు మాత్రం పచ్చగళ్ళే. అంటే మరక జబ్బు మొదటిరోజే కుదిరిపోయింది! మరి ఇన్నాళ్ళూ వైద్యం ఎవరికి చేసినట్టు?

సాయంత్రం కొత్త పచ్చగళ్ళ తువ్వాలు పట్టుకుని నతానియేలు గారింటికి వెళ్ళింది. గుమ్మంలోకి కాదు. ముందు గోడ దగ్గరికి. టక్ టక్.

"అయ్యో, ఈవిడకీ అంటింది!" అమలమ్మ గారు లోపల్నించి కేకేశారు. "లోపలికి రామ్మా, కాఫీ చల్లారిపోతోంది!"

మాణిక్యం ఆయన చేతిలో తువ్వాలు పెట్టింది. "మీ ఎలక చాలా తెలివైందండీ అన్నయ్యగారూ. కొరకడమే కాదు, మా ఏసీ పైపుకి ముడి కూడా వేసింది."

ఆయన తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచారు.

"ఇంకో సంగతి. మీ వంటింటి కిటికీ కింద డొల్లండీ. వచ్చే వానాకాలం దాకా ఏమీ చెప్పలేం. నేను రోజూ వచ్చి చూడాల్సిందే."

నతానియేలు గారు ఉలిక్కిపడి పరుగున వెళ్ళి కొట్టారు. చెవి ఆనించారు. అరచెయ్యి పెట్టారు. గోడ రాయిలా పలికింది. తిరిగి చూస్తే మాణిక్యం ఆకాశం కేసి చూస్తోంది.

"ఏంటండీ, నిజంగానే డొల్లా?" అనడిగారు అమలమ్మ గారు.

పుట్టి బుద్ధెరిగి ఏ గోడ మీదా అబద్ధపు సాక్ష్యం చెప్పని మనిషి గొంతు సవరించుకున్నారు.

"డొల్లేనే. చెల్లెమ్మ రోజూ రావాల్సిందే. కాఫీ ఇంకో గ్లాసు పెట్టు."