పడుకుని ఇల్లు చూసే మామయ్య

మామయ్యను ఇల్లు చూడమంటే చూడడు. పడుకుంటాడు.

గోడలూ గుమ్మాలూ ఎవరైనా చూస్తారు. ఈయన మాత్రం తిన్నగా పడకగదిలోకి నడిచి, భుజం మీది తువ్వాలు నేల మీద పరిచి, కుడి చెవి నేలకు ఆనించి కళ్లు మూసుకుంటాడు. ముప్పై ఎనిమిదేళ్లు ప్లంబరు పని చేసినవాడు. నేలకు చెవి పెడితే పైపులన్నీ తమ గోడు చెప్పుకుంటాయంటాడు. అదీ సరిగ్గా పగలు పదకొండు గంటలకే. ఉదయం ఎనిమిదింటికి రమ్మంటే రాడు, సాయంత్రమైతే అసలే రాడు.

ఈ వేషాలు మేనకోడలి ప్రాణం మీదికొచ్చాయి. ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. అద్దెయింటివాళ్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఏడేళ్లుగా కడుపు కట్టుకుని దాచిందంతా ఒక్క ఇంటి మీద పెట్టబోతోంది. రేపు అమ్మాల్సి వస్తే సగం ధరకైనా పోతుందా అన్న బెంగ ఒకవైపు, ఈయన పడక ఇంకోవైపు.

మొదటి ఇంట్లో బ్రోకరు హడలిపోయాడు. "మేడమ్, పెద్దాయనకి ఏమైంది? డాక్టర్ని పిలవనా?"

"ఏం కాలేదండీ. ఇల్లు చూస్తున్నాడు."

ఇరవై నిమిషాలకు మామయ్య ఒక కన్ను తెరిచాడు. "వద్దమ్మా. పైవాళ్లు కుళాయి తిప్పితే మన గోడ గుటకలేస్తోంది."

రెండో ఇల్లు అద్దంలా మెరిసింది. పక్కనే బడి. గంట కొట్టగానే మామయ్య జానెడు ఎత్తు ఎగిరిపడ్డాడు. మూడో ఇంట్లో ఇంకా మనుషులు కాపురం ఉంటున్నారు. మంచం పక్కన నేల మీద పడుకున్న ఈయన్ని చూసి ఆ ఇంటి బామ్మ జాలిపడి దుప్పటి కప్పింది. "మనుషులు బంగారం. లిఫ్టే తల దగ్గర మూలుగుతోంది" అని బయటికొచ్చాక తేల్చేశాడు. ఏడో ఇంటికి బ్రోకరే ముందుగా గది తుడిపించి, దిండు తెచ్చిపెట్టాడు. అయినా లాభం లేకపోయింది.

"కునుకు తియ్యడానికి నీకు మీ ఇల్లు లేదా మామయ్యా? నెలాఖరుకి నేను రోడ్డున పడతాను!" అని అరిచేసింది ఆమె.

"రోడ్డు మీద అస్సలు నిద్ర పట్టదమ్మా" అన్నాడు తాపీగా.

ఎనిమిదో ఇల్లు చూపించడానికి బ్రోకరుకే సిగ్గేసింది. సందు చివర, వెనకవైపు ఫ్లాటు. గోడల రంగు పెచ్చులూడుతోంది, వంటింటి అలమరకి తలుపే లేదు. మామయ్య తువ్వాలు పరిచాడు. ఐదు నిమిషాల్లో గురక మొదలైంది. ముప్పావుగంటైనా ఆగలేదు.

"మేడమ్, ఇది నచ్చినట్టా, నచ్చనట్టా?" అన్నాడు బ్రోకరు గుసగుసగా.

అప్పటికి లేచి ఒళ్లు విరుచుకున్నాడు మామయ్య. "తీసేసుకో తల్లీ. రంగు వేసుకుంటాం, తలుపు పెట్టించుకుంటాం. పక్కింటి మోటారునీ బయటి రోడ్డునీ మార్చగలమా? నిద్రపట్టే ఇంటికి ఎన్నేళ్లకైనా కొనేవాడు దొరుకుతాడు."

ఆమెకు గుండెల మీది బరువు దిగిపోయింది. "అది సరే, ఈ పదకొండు గంటల పట్టుదలేంటి మామయ్యా?"

మామయ్య అవసరం లేకపోయినా తువ్వాలు రెండుసార్లు దులిపాడు. "నువ్వు డ్యూటీ నుంచొచ్చి నడుం వాల్చేది అప్పుడేగా! ఆ అద్దెయింటి కింద వెల్డింగు షాపు మోతకి ఐదేళ్లుగా నీకు కంటి నిండా నిద్ర లేదు. నువ్వు పడుకునే వేళకి ఎలా ఉంటుందో చూడకుండా ఎలా కొనిపిస్తాను?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆయన చేతిలోని తువ్వాలు లాక్కుని మళ్లీ పరిచింది. "ఒక్క నిమిషం ఉండు మామయ్యా. నేనూ చూస్తాను" అని పడుకుంది.

బ్రోకరు సంచీలోంచి కాగితాలు తియ్యబోతే మామయ్య నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"సాయంత్రం రావయ్యా. ఇల్లు చూస్తోంది."